పింక్ పెట్టె మీద గుండుసూది

మా తోడికోడల్ని అందరూ కత్తెరక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. ఇరవై రెండేళ్లు ఒకే వంటింట్లో మసిలాం, ఒకే గదిలో పనిచేశాం. బట్టల మిల్లులో నమూనాల గది మాది. కొనేవాళ్లకి పంపే అట్టల మీద నేను ఇంగ్లిషులో రంగుల పేర్లు అతికించి ఇస్తే, ఒక్కో పేరు పైన ఆ రంగు గుడ్డముక్క ఆవిడ అంటించేది. పోగులు ఊడకుండా అంచుల్ని పళ్లపళ్లుగా కోసే జిగ్‌జాగ్ కత్తెర ఆవిడ చేతిలో ఉంటే చూడాలి! కబుర్లు చెబుతూనే చకచకా కోసి పడేసేది.

ఒకరోజు అడిగింది. “ఎరుపుకి రెడ్ అన్నారు, బాగుంది. ఈ పింక్ ఏమిటే? ఎక్కణ్ణించి ఊడిపడింది?”

నాకు ఊరుకోబుద్ధి కాదు కదా. గుమాస్తాగారి బల్ల మీది లావుపాటి నిఘంటువు తిరగేశాను. పింక్ అనేది మొదట ఒక పువ్వు పేరట. ఆ పువ్వు రేకుల అంచులు పళ్లపళ్లుగా ఉంటాయట. గుడ్డ అంచుని అలా కోయడానికీ ఇంగ్లిషులో అదే మాట. పువ్వుకి పేరు అక్కణ్ణించే వచ్చిందని కొందరి ఊహ, ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఆ పువ్వు పేరే తర్వాత రంగుకి అంటుకుంది. ఇంకో వింత, ఒకప్పుడు బొమ్మలు వేసేవాళ్లు ఒక రకం పసుపు రంగుని కూడా పింక్ అనేవాళ్లట.

అక్క పసుపు సంగతి వినిపించుకోలేదు. “అయితే మన కత్తెర పనిలోంచి పుట్టిందన్నమాట ఆ పేరు!” అని మురిసిపోయి, వారం రోజులు కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

ఆ ఏడాదే ఆవిడ కళ్లు మసకబారాయి. ముందుగా లేత రంగులు పోయాయి. లేత పసుపూ పింకూ ఆవిడకి ఒకటే అయిపోయాయి. కంటి లోపలి పొర పాడవుతోంది, ఆపరేషనుతో బాగయ్యేది కాదన్నాడు డాక్టరు. బావగారు అప్పటికే పోయారు. కూతురు నర్సింగు చదువుతోంది, ఇంకా రెండేళ్లుంది. సంగతి మేనేజరు చెవిన పడితే ఉద్యోగం పోతుంది, పిల్ల చదువు ఆగిపోతుంది. అందుకే ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది.

రోజూ అందరికంటే ముందు వెళ్లి, పింక్ ముక్కలున్న అట్టపెట్టె మూతకి ఒక గుండుసూది గుచ్చేదాన్ని, సాయంత్రం ఎవరి కంటా పడకుండా తీసేసేదాన్ని. అక్క బొటనవేలితో మూతలు తడిమి, సూది తగిలిన పెట్టె తీసుకునేది. దాని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకుంది లేదు. అలా ఏడు నెలలు నెట్టుకొచ్చాం.

నా నోరు ఊరుకుంటేనా! మా ఆయనకి చెప్పేశాను. ఆయన జాలిపడి, భోజనాల దగ్గర “కళ్లెలా ఉన్నాయి వదినా?” అన్నాడు. పిల్ల అక్కడే ఉంది. అక్క నామీద విరుచుకుపడింది.

“నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నమ్మాను చూడు, నాది బుద్ధితక్కువ! రేపట్నించి నా జోలికి రాకు. నువ్వు లేకపోతే నా పని సాగదనుకున్నావా?”

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు చేసినదానికి ఇదా ఫలితం అనుకున్నాను. మర్నాడు సూది పెట్టలేదు.

అక్క వచ్చింది. ఒక మూత తడిమింది. పక్కది తడిమింది. మళ్లీ మొదటిది తడిమి, అదే తీసుకుంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. “అది కాదక్కా” అంటే సరిపోయేది. అడగనీ, అప్పుడు చెబుదాం అని బెట్టు చేశాను. ఆవిడ అడగలేదు. సాయంత్రం నేనే సరిచేద్దాంలే అనుకుంటే, మధ్యాహ్నమే బండి వచ్చి అట్టలన్నీ పట్టుకుపోయింది.

పదిరోజులకి ఆ అట్టల కట్టలు తిరిగొచ్చాయి. పింక్ అన్న పేరు పైన అన్నీ లేత పసుపు ముక్కలే. మేనేజరు ముందు నిలబడి నిఘంటువు సంగతంతా ఏకరువు పెట్టాను, ఒకప్పుడు పసుపుని కూడా పింక్ అనేవాళ్లండీ అని.

“ఆ కథేదో కొనేవాళ్లకి చెప్పమ్మా,” అన్నాడాయన.

సూది సంగతి మాత్రం నా నోట రాలేదు. ఆ సాయంత్రమే అక్కని పనిలోంచి తీసేశారు. నర్సింగు మానేసి, పిల్ల వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఇప్పటికీ నా ఎదురుగానే కూర్చుంటుంది. పిన్నీ, పిన్నీ అంటూ ఎంత ఆప్యాయంగా పిలుస్తుందో! ఆ పిలుపు నేను భరించలేను.

అక్క ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. చివరికి వెలుతురు కూడా తెలిసేది కాదు. పాత దుప్పట్లు ఒళ్లో వేసుకుని, అంచులు పళ్లపళ్లుగా కోసుకుంటూ కూర్చునేది. పోయే ముందు వారం నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుంది.

“ఆ రోజు సూది పెట్టడం మర్చిపోయావు, కదూ?”

గొంతులో కోపం లేదు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. దేన్నీ దాచుకోలేని నా నోరు ఆ ఒక్కటీ దాచుకుంది.

“మర్చిపోయానక్కా.”

“నేనూ అలాగే అనుకున్నానులే,” అని తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.