వాగు వచ్చినాక కొట్టిన గంట

నా చిన్నప్పుడు మా బడి వాగుకు ఈ ఒడ్డున, చిన్న మిట్ట మీద ఉండేది. మా ఇళ్లూ పొలాలూ ఆ ఒడ్డున. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో వాగుతో పరాచికాలు పనికిరావు. పైన గుట్టల్లో వాన పడితే చాలు, మా మీద చినుకు రాలకుండానే ఎర్రనీళ్లు దిగేవి. అందుకని మాకో కట్టుబాటు ఉండేది. గుట్టల మీద మబ్బు నల్లబడగానే బడిలో గంట ఆపకుండా కొట్టేవారు. అది విని, నాట్లేస్తున్న అమ్మలు ఉన్నపళంగా వాగు దాటి వచ్చి మమ్మల్ని చంకనేసుకుని పోయేవారు. ఫోన్లు లేని రోజులు మరి, ఆ గంటే మాకు కబురు.

ఆ రోజు మబ్బును ఎవరూ చూడలేదు. అన్నం వేళకు కాస్త ముందు గాలి ఆగిపోయింది. పిట్టల చప్పుడూ లేదు. తర్వాత ఎక్కడో లారీలు బారుగా వస్తున్నట్టు మోత. గంట కొట్టే తాత అలవాటు కొద్దీ ఉరికి గంట అందుకున్నాడు. పాపం, ఆయనను అనడానికి నాకు నోరు రాదు, ఏళ్ల తరబడి చేసిన పనే చేశాడు. మా పంతులమ్మ లోపలి నుంచి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వాగు వచ్చినాక గంటేంది తాతా? నువ్వు రమ్మంటున్నవ్. వాళ్లు వస్తరు."

గంట ఆగింది గానీ వినేవాళ్లు వినేశారు. చూస్తుండగానే అవతలి ఒడ్డు నిండా అమ్మలు. రావద్దని పంతులమ్మ గొంతు చించుకున్నా ఆ హోరులో మాకే సరిగా వినపడలేదు. చేతులు ఊపితే పిలుస్తోందనుకున్నారు. అందరికన్నా ముందు మా అమ్మ నీళ్లలో దిగింది. నేను ఏడుపు లంకించుకున్నాను, నన్ను చూసి మిగతా పిల్లలూ. మా ఏడుపు చూసి అమ్మ ఇంకా లోపలికి వచ్చింది. నడుము దాకా మునిగింది.

అప్పుడు పంతులమ్మ అరవడం మానేసింది. మమ్మల్ని మిట్ట అంచుకు తెచ్చి, ఆ ఒడ్డుకు కనపడేలా కూర్చోబెట్టి, సద్ది మూటలు విప్పమంది.

"ఏడ్వకుండ్రి. తినుండ్రి. మీరు తింటున్నది జూస్తే అమ్మలు ఆగుతరు."

కళ్లు తుడుచుకుని తిన్నాం. నీళ్లలో నిలబడి అమ్మ నా వైపే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగి, ఒడ్డెక్కి, అక్కడే కూలబడింది. మిగతావాళ్లూ ఆమె పక్కన కూర్చున్నారు.

నా పక్కనే పక్కింటి అక్క కూర్చుని తింటోంది. వాళ్లమ్మ ఆ పూట వాగు మలుపు కింద గడ్డి కోయడానికి పోయింది. అక్కడికి గంట వినపడుతుంది, మిట్ట కనపడదు. ఆమె అక్కడే వాగులో దిగింది. వాగు తీశాక కింది ఊరి చెట్ల మధ్య శవమై దొరికింది.

ఇప్పుడు పట్నంలో, ఖానాపురం హవేలి అనే పేటలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్న వానల్లో మనవరాలి బడి నుంచి మెసేజ్ వచ్చింది: అత్యవసరం, పిల్లలను వెంటనే తీసుకెళ్లండి. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయి. మావాడు బండి తాళం అందుకుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ముసలిదానికి చాదస్తం అని కోడలు విసుక్కుంది. విసుక్కోనీ. ముందు ఫోన్ చేయించాను. పిల్లలందరూ పై అంతస్తులో భద్రంగా ఉన్నారట. ఆ ముక్క మొదట రాయడానికి ఏం రోగం? మర్నాడు బడికి వెళ్లి పెద్దసారును అదే అడిగాను. పిల్లలు ఎక్కడున్నారో ముందు చెప్పండి, రావాలో వద్దో ఆ తర్వాత చెప్పండి అన్నాను.

ఆయన తలూపాడు. నాకు ఎందుకంత కోపమో ఆయనకు తెలియదు. వాగు వచ్చిన ఆ రోజు సద్దిగిన్నె కడుక్కొచ్చి, "నేను మొత్తం తిన్న పంతులమ్మా, మా అమ్మ జూసిందా?" అని అడిగింది అక్క.