అవతలి గట్టు పిల్లలు

ఆ రోజుల్లో బడిపంతులు ఉద్యోగం వానాకాలపు గొడుగులాంటిది, ఏ గాలికి తిరగబడుతుందో తెలిసేది కాదు. నాకైతే మరీనూ. అమలాపురం దగ్గర కాలవగట్టు మీది ఎయిడెడ్ బడిలో చేరి ఏడాది కాలేదు. ఇనస్పెక్టరుగారు వచ్చి, తరగతి నిండా పిల్లలున్నారనీ, వాళ్ళకి పాఠం వస్తోందనీ రాస్తేనే నా పోస్టు ఖాయం. లేకపోతే ఇంటికే. (ఇంటి దగ్గర మా నాన్నగారు "వీడికి పౌరోహిత్యమే గతి" అని తీర్మానించి, పంచాంగం దుమ్ము దులిపి ఉంచారు.)

తీరా ఆయన రాక ఊడ్పుల్లో పడింది. పిల్లలంతా తల్లిదండ్రుల వెంట చేలల్లో ఉన్నారు. నా ముఖం చూసి పెద్ద మాస్టారు నవ్వారు. "కంగారెందుకోయ్? అవతలి గట్టంతా కొబ్బరితోటలు, ఊడ్పుల బెడద లేదు. ఆ బడికి నిన్ననే తనిఖీ అయిపోయింది. ఆ పిల్లల్ని పడవ మీద దాటించెయ్. అవసరానికి మనమూ పంపుతాం కదా!" పెళ్ళికి పొరుగింటి గంగాళం తెచ్చుకున్నట్టు పిల్లల్ని తెచ్చుకోవడం మా బడులకు మామూలే. అయితే నిన్న అక్కడ తనిఖీ చేసిందీ ఈ ఇనస్పెక్టరుగారేనన్న సంగతి, ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా గానీ మా ఇద్దరికీ తట్టలేదు.

ఆయన కూర్చుని, "గోదావరి..." అన్నారో లేదో, "నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిందండీ!" అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

"నేనింకా అడగలేదే!" అన్నారాయన.

 పెద్ద మాస్టారు ఊరుకోవచ్చుగా! "ఆయ్! మావాడు రాత్రింబవళ్ళు నూరిపోసేడండీ" అన్నారు. ఇనస్పెక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు, ఏదో రాసుకున్నారు, కొబ్బరినీళ్ళు తాగారు. నా కళ్ళముందు మా నాన్నగారి పంచాంగమే ఆడుతోంది.

రేవు దాకా సాగనంపాను. పడవలో కుదురుగా కూర్చున్నాక ఆయన నెమ్మదిగా అన్నారు: "మబ్బు పట్టింది మాస్టారూ. ఆ అవతలి గట్టు పిల్లల్ని వాన రాకుండానే దింపించెయ్యండి. మీ పోస్టుకి రాసేసేనండీ. మీ పిల్లల్ని ఊడ్పులయ్యేక వచ్చి చూస్తాను."

పడవ కదిలిపోతుంటే "ఆయ్" అంటూ రెండు చేతులూ జోడించాను. హమ్మయ్య అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అన్నట్టే ఆయన ఊడ్పులయ్యాక వచ్చారు. గోదావరి ఎక్కడ పుట్టిందో మా సొంత పిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు! ఆయన నవ్వి, తనే చెప్పి వెళ్ళారు.

ఇప్పటికీ మబ్బు పడితే, పడవ మలుపు తిరిగిపోయినా చేతులు జోడించుకునే నిలబడ్డ ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తాడు. "ఇక చేతులు దించవోయ్, ఉద్యోగం నిలబడింది" అని చెప్పాలనిపిస్తుంది.