కూలర్ పీల్చిన దిష్టి

ఆదివారం. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. మిరప కోతలు అయిపోవస్తున్న రోజులు. సరిగ్గా ఆ గడియకి నేను, అంటే మార్తమ్మని, మా పక్కింటి కాశింబీ ఇంటికి మనవడి ఉయ్యాల పండక్కి వచ్చిన చుట్టాలందరినీ గుప్పెడు మిరపకాయలతో వీధిలోకి తరిమాను. గుప్పెడు అని పరువు కోసం అంటున్నాను, లెక్క తర్వాత చెబుతాను. పోలీసులు లాఠీలతో వచ్చినా ఆ ఇల్లు అంత త్వరగా ఖాళీ అయ్యేది కాదు.

తప్పు నాది కాదు, చదువుది. మాది ప్రత్తిపాడు పక్క పల్లె. చిన్నప్పటినుంచీ మిరపకాయలకు తొడిమలు తీసిన చేతులే గాని, పలక పట్టిన చేతులు కావు నావి. యాభై అయిదో ఏట మా పాస్టరమ్మ గారు సాయంత్రాలు చర్చి వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. బైబిలు చదువుకోమని ఆవిడ నేర్పితే, నేను బజ్జీల పొట్లాలు చదవడం మొదలుపెట్టాను. ఏం చేయను? ఇంట్లో బైబిలు ఒక్కటే, పొట్లం రోజుకొకటి మారుతుంది. ఆ నూనె మరకల పేపర్లలో ఒక మూల 'మీకు తెలుసా' అని వేసేవాళ్ళు. నాకు తెలియదు కాబట్టి అన్నీ చదివేదాన్ని. చదివినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు లేదు నాకు.

పెన్ను మూత కొసన చిల్లు ఎందుకుంటుందో తెలుసా మీకు? పిల్లలు పొరపాటున మింగితే గొంతులో గాలాడటానికట. వేళ్ళు విరిచినప్పుడు టప్పుమనేది ఎముక కాదు, కీలులో గాలిబుడగట. ఇది చెప్పగానే కాశింబీ మరిది నాగుల్ మీరా అన్న చేతికర్ర పక్కన పెట్టి, "అయితే మార్తమ్మా, నేను లేచినప్పుడల్లా నా మోకాలు టపటపమంటుంది. అందులో కూడా బుడగలేనా?" అని అడిగాడు.

"నీ మోకాల్లో సోడా కొట్టే ఉందన్నా" అన్నాను.

కాశింబీ కుడికన్ను అదిరి, ఏదో కీడు రాబోతోందని బెంగపడితే, "నిద్ర చాలక అదురుతుందే. ఆ సీరియళ్ళు కట్టేసి పడుకో" అన్నాను.

"అక్షరం రాకముందు మనిషిగా ఉండేదానివి. ఇప్పుడు నోరు తెరిస్తే పొట్లం విప్పినట్టుంది" అంది కాశింబీ. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అని ఊరికే అన్నారా? నా విషయంలో అది కాకరకాయ కాదు, మిరపకాయ. అంతే తేడా.

అసలు కథ ఇది. కాశింబీకి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు మస్తాన్‌బీకి పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. చిన్నకోడలు షరీఫాకి మగపిల్లాడు పుట్టాడు. వాడు ప్రతి సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చేవాడు. ఏ పసివాడైనా ఏడుస్తాడు గానీ, వీడి ఏడుపుకు కాశింబీ కారణం వెతికింది. మిరపకాయలూ ఉప్పూ గుప్పిట పట్టి, పిల్లాడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. మసీదుకెళ్ళేవాళ్ళూ, గుడికెళ్ళేవాళ్ళూ, మా చర్చికొచ్చేవాళ్ళూ, ఈ ఒక్క విషయంలో మా ఊళ్ళో అందరిదీ ఒకటే మతం.

కాశింబీ వేసిన కాయలకు ఒక్కరోజూ ఘాటు రాలేదు. మొదటిసారి వేసినరోజు పిల్లాణ్ణి మస్తాన్‌బీ ఎత్తుకుందట. రెండోసారి గుమ్మంలోంచి చూసిందట. ఇంకేముంది, "నువ్వు బిడ్డ దగ్గరికి రాకు" అనేసింది కాశింబీ. చెడ్డది కాదు. భయపడ్డ మనిషి నోరు అట్లాగే ఉంటుంది.

మస్తాన్‌బీ కళ్ళంలో నా పక్కన కూర్చుని తొడిమలు తీసేది. ఒకరోజు తల ఎత్తకుండానే, "పెద్దమ్మా, వాడి చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందంట. షరీఫా చెప్పింది. నేను చూడలేదు" అంది. ఒకే ఇంట్లో ఉంటూ!

ఆ సాయంత్రమే, దేవుడు పంపినట్టు, నా బజ్జీల పొట్లంలో మిరపకాయ గురించి వచ్చింది. ఎంత ఎర్రగా ఉంటే అంత కారం అనుకోవడం పొరపాటట. కారం గింజలో కూడా ఉండదట, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుందట. నాకు బుర్రలో లైటు వెలిగింది. కాశింబీ పొలంలో పండేది బాడిగ రకం మిరప. రంగు చూస్తే పెళ్ళి చీర, కారం చూస్తే బెల్లానికి అన్న. దాన్ని పట్టుకెళ్ళి పెరట్లో భగభగ మండే పత్తికట్టె మంటలో వేస్తే దగ్గు ఎట్లా వస్తుంది? వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను.

"కాశింబీ, నీ బాడిగ కాయ మంటలో వేసినా ఒకటే, ఐసుక్రీములో వేసినా ఒకటే. ఆ పిల్లని ఊరికే ఆడిపోసుకుంటున్నావు."

"ఇది కూడా పొట్లంలో ఉందా?"

"ఉంది. మస్తాన్‌బీని పిల్లాడి వంక కళ్ళారా చూడనివ్వు. తర్వాత ఘాటైన తేజ కాయలతో దిష్టి తీసి, మంటలో కాదు, కణకణలాడే నిప్పుల మీద వెయ్యి. ఘాటు రాకపోతే నన్నడుగు."

"రాకపోతే ఏం చేస్తావే?"

"జన్మలో మళ్ళీ పొట్లం చదవను."

"వస్తే?"

"ఆదివారం పిల్లాణ్ణి ఉయ్యాల్లో మస్తాన్‌బీ చేత వేయించు."

కాశింబీ చాలాసేపు వక్క నమిలింది. "సరే. నలుగురిలోనే తేలనీ" అంది.

ఆదివారం వచ్చింది. హాలు నిండా చుట్టాలు. మధ్యలో పూల ఉయ్యాల. ఎండలు అప్పటికే ముదిరాయని వెనక కిటికీకి అద్దె కూలర్ బిగించారు. దాని ముఖం హాల్లోకి, వీపు పెరట్లోకి. పెరట్లో వంట సుభానీ బిర్యానీ దమ్ము పెట్టి, గుండిగ మూత మీద నిప్పులు పరిచాడు.

"రెండు గరిటెల నిప్పులు ఇవ్వు సుభానీ."

"అత్తా, ఆ నిప్పులు నా బిర్యానీ ప్రాణం!"

"ఇక్కడ ఒక ఆడపిల్ల ప్రాణం ఉసూరుమంటోంది. ఇవ్వు."

మూకుడులో నిప్పులు పోయించుకుని నీడ కోసం చూశాను. కూలర్ వీపు కింద కాస్త నీడ ఉంది. అక్కడ కూర్చున్నాను. కూలర్ ముందునుంచి గాలి వదులుతుందని నాకు తెలుసు. ఆ గాలి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుందో ఏ పొట్లంలోనూ రాలేదు.

మస్తాన్‌బీ వెనక గుమ్మంలో నిలబడి పిల్లాణ్ణి చూసింది. కాశింబీ పరుపు మీద నిద్రపోతున్న పిల్లాడి చుట్టూ అయిదు తేజ కాయలు తిప్పి నాకు అందించి లోపలికి వెళ్ళింది. అయిదు చాలు. కానీ సైన్సు కదా, ఒళ్ళో తెచ్చుకున్నవాటిలో గుప్పెడు కూడా కలిపాను. ఒక్కొక్కటీ గోటితో చీల్చి, తెల్ల ఈనె నిప్పుకు తగిలేట్టు పరిచాను.

ఏమీ లేదు. ముక్కుకు వాసన కూడా రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ నిప్పుంది, పొగ కూడా ఉంది, నా దాకా రావడం లేదు! చక్కగా దండం పెట్టి గుళ్ళోకి వెళ్ళినట్టు కూలర్లోకి వెళ్ళిపోతోంది.

"రావట్లేదు పెద్దమ్మా" అంది మస్తాన్‌బీ. ఆ ముఖం చూడలేకపోయాను. ఇంకో గుప్పెడు వేశాను. ఆ పైన ఒళ్ళో మిగిలినవన్నీ దులిపేశాను.

అప్పుడు హాల్లో ఎవరో దగ్గారు. వెంటనే ఇంకొకరు. ఆ తర్వాత ఇల్లంతా ఒక్కసారి దగ్గింది, ట్రాక్టరు స్టార్టయినట్టు. మస్తాన్‌బీ చటుక్కున లోపలికి దూకింది. నేను మూకుడు బోర్లించి, సందులోంచి చుట్టూ తిరిగి వీధిలోకి పరిగెత్తాను. జనం గుమ్మంలోంచి గోతం చిరిగిన కాయల్లా రాలుతున్నారు. అందరికంటే ముందు నాగుల్ మీరా అన్న! పదేళ్ళుగా కర్ర లేకుండా మంచం దిగని మనిషి, పాలకేంద్రం దాకా వెళ్ళి ఆగాడు.

"అన్నా, కర్ర ఏదీ?"

"ముందు ఊపిరి ఏదో చెప్పవే!"

అందరూ కుళాయి కింద ముఖాలు పెడుతున్నారు. నాలో చదువు మళ్ళీ లేచింది. కారానికి నీళ్ళు విరుగుడు కాదు, పెరుగు విరుగుడు! "నీళ్ళు వద్దు! పెరుగు పూయండి!" అని అరుస్తూ సుభానీ వంట పందిట్లోంచి పెద్ద బేసిను లాక్కొచ్చి, దొరికిన ముఖానికల్లా పూశాను. మొదట నాకే పూసుకున్నాను, మిరపకాయలు చీల్చిన ఆ చేతులతోనే.

సుభానీ వెనకే వచ్చాడు. "అత్తా! అది పెరుగు కాదు, పెరుగు చట్నీ! అందులో పచ్చిమిరపకాయలున్నాయి!"

ఆ తర్వాత వచ్చిన కేకలు రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు.

ఆ గోలలో కాశింబీ ఒక్కతే కళ్ళు మూసుకుని, బట్టల మూట గుండెకు హత్తుకుని ఊపుతోంది. "నా మనవణ్ణి నేను తెచ్చుకున్నా. ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు." బిడ్డ అత్త దగ్గరున్నాడు కదా అని షరీఫా నిబ్బరంగా దగ్గుతోంది. దగ్గరికెళ్ళి మూట విప్పింది.

"అత్తా! ఇది దిండు!"

పొట్లాలూ, ఈనెలూ, బుడగలూ అన్నీ ఒక్క క్షణంలో మర్చిపోయాను.

"ఇక్కడున్నాడు అత్తా."

వెనక సందులోంచి మస్తాన్‌బీ వచ్చింది. కళ్ళు చింతనిప్పులు, ముక్కు కారుతోంది. తడిపిన కొంగు కింద పిల్లాడు. అందరూ బయటికి పరిగెత్తే వేళ ఇది లోపలికి పరిగెత్తింది. వాడు ఒక్కసారి తుమ్మి, మళ్ళీ నిద్రపోయాడు. మస్తాన్‌బీ వాణ్ణి అత్తకు అందించబోయింది.

కాశింబీ తన చేతుల వంక చూసుకుంది. దిండు కింద పడేసింది. "నా చేతుల నిండా చట్నీనే. నీ దగ్గరే ఉండనీ" అంది. కళ్ళ నీళ్ళు మోచేత్తో తుడుచుకుని, "ఉయ్యాల్లో కూడా నువ్వే వెయ్యి" అంది. ఆ నీళ్ళు మిరపకాయవో కావో ఎవరూ అడగలేదు.

నేను మస్తాన్‌బీ పక్కకు జరిగి, "చెవి వెనక మచ్చ ఉందా?" అన్నాను.

"రెండున్నాయి పెద్దమ్మా" అంది.

అప్పుడు కాశింబీ నా వైపు తిరిగింది. నా ముఖం నిండా తెల్లటి పెరుగు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, రెండోది టమాటాలా ఉబ్బి, నుదుట కొత్తిమీర రెమ్మ. "ఇన్నాళ్ళూ ఎవరి కన్నో అనుకున్నా. నీదేనే ఆ కన్ను!" అంది. షరీఫా తమ్ముడు రఫీ సెల్లుతో నా ఫోటో తీశాడు. గుంటూరులో పెద్దది చేయించి, పటం కట్టించి తెచ్చాడు కూడా.

ఇప్పుడు బజ్జీలు తెల్ల కాయితం ప్లేట్లలో ఇస్తున్నారు. చదవడానికి అందులో ఏమీ ఉండదు. ఊరికి మంచిదే అనుకోండి, నాకే నోరు చప్పగా ఉంది. అయినా పాస్టరమ్మ గారి పలక మీద ఒట్టేసి చెబుతున్నాను: నిప్పూ, మిరపకాయా, కూలరూ మూడూ ఒక్కచోట ఉండగా ఈ మార్తమ్మ చదివింది ఆచరించదు. చట్నీని పెరుగు అనదు.

దీనికి ఆ రోజు ఉన్నవాళ్ళే సాక్షులు. కాశింబీ, దిండుతో సహా. షరీఫా. ఫోన్ వదలని రఫీ. చట్నీ లేకుండా బిర్యానీ వడ్డించి ఇప్పటికీ నన్ను క్షమించని సుభానీ. నాగుల్ మీరా అన్న, ఇప్పుడు లేడు, ఉన్నన్నాళ్ళూ ఆ పరుగు గురించే చెప్పుకున్నాడు. మస్తాన్‌బీ. దాని చేతుల్లో నిద్రపోయిన పిల్లాడు, ఇప్పుడు బడికి వెళ్తూ దాన్నే సంచీ మోయమంటాడు. ఇక నేను. అప్పుడూ అక్కడే ఉన్నాను, ఇప్పుడూ అక్కడే ఉన్నాను, కాశింబీ గుమ్మం పైన, దిష్టిబొమ్మ తీసేసిన మేకుకి.