హొగేనక్కల్లో నాయన కనిపించని పూట

ఆ కాలంలో మా ఇండూరులో పక్క ఊరు దాటి పోవాలంటే పెళ్లో చావో ఉండాల. ఊరికే చూసి రావడానికి బస్సెక్కడం ఎనభైలు వచ్చినాక జనానికి పట్టుకున్న అలవాటు. మా నాయనకు మాత్రం అది చివరిదాకా అంటలేదు. కోడి కూయకముందే బావి దగ్గర ఉండేవాడు. ముగ్గురు పిల్లల్నీ, రెండెకరాల రాగినీ ఒకే శ్రద్ధతో పెంచినాడు. ధర్మపురి టౌనుకు పోయొస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. "ఆడ గాలికి వాసనే లేదే" అనేవాడు. (ఆయన చెప్పే వాసన పేడదని నాకు చానా ఏళ్ల తర్వాత అర్థమైంది.)

అట్లాంటి మనిషిని మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒక ఆదివారం హొగేనక్కల్ జలపాతం చూడడానికి లాక్కొని పోయినాడు. వెంట అమ్మ, పన్నెండేళ్ల నేను. తమ్ముళ్లిద్దరినీ, నిండు చూలుతో ఉన్న ఆవునూ అవ్వకు అప్పజెప్పినాము. "పొద్దున మేత ముట్టలేదు" అని నాయన దారి పొడుగునా బస్సు కిటికీకి చెప్పుకుంటానే వచ్చినాడు. దిగినాక మామ ఆయన్ని నూనె మర్దన చేసే మనిషి ముందర బండ మీద కూర్చోబెట్టి, అమ్మను పరిసలు (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కిస్తానని తీసుకుపోయినాడు. నేను పక్కనే వేయించిన చేప పట్టుకొని కూర్చున్నాను. ముళ్లు ఏరుకుంటా ఉంటే నాయన నూనె కారే ఒంటితో వచ్చి ఏదో చెప్పినాడు. నేను తలూపినాను.

అమ్మావాళ్లు తిరిగి వచ్చేసరికి బండ మీద నాయన చొక్కా, చెప్పులు మాత్రం ఉన్నాయి. మర్దన చేసే మనిషి ఇంకొకరి వీపుకు నూనె పట్టిస్తా, "స్నానానికి పోయుంటాడు సామీ" అని నీళ్ల వైపు చెయ్యి చూపినాడు.

అమ్మ అక్కడే కూలబడింది. మామ మొగం నల్లబడింది. పరిసలు తోలేవాళ్లు ఇద్దరు గడలు తీసుకొని బండల సందుల్లో పొడిచి చూడసాగినారు. గడ దిగిన ప్రతిసారీ అమ్మ నా భుజం పిసికేది. సరిగ్గా అప్పుడే నాయన చెప్పిన మాటలు ఒక్కొక్కటే నా బుర్రకు ఎక్కినాయి. "పాపా, మనసు నిలవలేదు. ఆవు ఈనేట్లుంది. నేను ఊరికి పోతాను, అమ్మకు చెప్పు."

చెప్పేయొచ్చు, ఒక్క మాట. కానీ అప్పటికే గుంపు చేరింది, ఒక పోలీసాయన నాయన ఎత్తెంతో అడుగుతా ఉన్నాడు. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాల, చేప తింటా ఉన్నాననా? దానికి తోడు ఇంకో భయం. నేను విన్నది నిజమేనా, లేక ఇప్పుడు భయంతో కల్పించుకున్నానా? నా మాట విని వెతకడం ఆపేస్తే, నాయన నీళ్లలోనే ఉంటే? నేను అమ్మకంటే గట్టిగా ఏడ్చినాను. గుంపులో ఒకామె నన్ను చూపించి, "నాయనంటే ఎంత ప్రాణమో" అనింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మూడు గంటలు అట్లే గడిచినాక, ధర్మపురి పోయి తిరిగొచ్చిన బస్సు కండక్టరు గుంపును చూసి దగ్గరికి వచ్చినాడు. "చొక్కా లేకుండా, ఒంటినిండా నూనెతోనా? నా బస్సులోనే వచ్చినాడు. సీటుకు నూనె అంటుతుందని ఇండూరుదాకా నిలబడే ఉన్నాడు."

మేము ఇల్లు చేరేసరికి నాయన కొట్టంలో కొత్త దూడను గోనెపట్టాతో తుడుస్తా ఉన్నాడు. తలెత్తి, "పెయ్యదూడ" అన్నాడు, మేమంతా దాని కోసమే పరుగెత్తుకొచ్చినట్లు.

అమ్మ కొట్టం గుంజ పట్టుకొని అడిగింది. "ఒక్క మాట చెప్పి రాకూడదా?"

నాయన నా వైపు చూసినాడు. నేను దూడ చెవులు చూసినాను.

"మరిచినానే" అన్నాడు.

అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. సంగటి పళ్లెంలో పెట్టి నా చేత పంపించేది. నాయన తిని, చెయ్యి కడుక్కొని, పొలానికి పోయేవాడు. ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయన పోయి ఏడాది తిరిగినాక అమ్మకు నిజం చెప్పినాను. అమ్మ చానాసేపు నవ్వింది. తర్వాత కళ్లొత్తుకొని, "వారం రోజులు మొగం తిప్పుకున్నానే, అప్పుడైనా ఒక్క మాట అనలేదే ఆ మనిషి" అనింది. ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. నెరిసిన జుట్టుతో, తప్పు ఒప్పుకున్న చిన్నపిల్ల మాదిరి తలొంచుకొని ఉన్న నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.