ఫొటోలో లేని అన్నయ్య

సైకిలు షాపు ట్యూబు తాతకు ఇద్దరంటే గిట్టదు. గాలిపంపు అడిగి తీసుకెళ్లి తిరిగివ్వనివాడు ఒకడు. గ్రంథాలయం గోడ మీద ఫొటోలో ఉన్నవాడు రెండోవాడు. ఆ ఫొటో కింద ఉన్నది తాత అన్నయ్య పేరు. పైన ఉన్న మొహం మాత్రం అన్నయ్యది కాదు.

అన్నయ్య యుద్ధకాలంలో బాంబులేసే విమానంలో పనిచేశాడు. తోక చివర అద్దాల గూట్లో కూర్చుని, వెంటపడే శత్రు విమానాలను మెషిన్‌గన్‌తో కొట్టడం అతని పని. పొట్టివాడు గనకే ఆ గూట్లో పట్టాడు. ఓసారి తిరిగొస్తూ పొగమంచులో విమానం కొండను గుద్దుకుంది. ఒక్కరూ మిగల్లేదు.

ఇంట్లో అతని ఫొటో ఒక్కటీ లేదు. సైన్యంవాళ్లు విమానం ముందు సిబ్బందంతా నిలబడిన ఫొటో పంపారు. అందరికీ తోలు టోపీలు, కళ్లద్దాలు. ఒక్కో మొహం ఆవగింజంత. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసి చూసి, అందరికంటే పొడుగ్గా ఠీవిగా ఉన్నవాడి మీద వేలు పెట్టి వీడే నా బిడ్డ అంది. అప్పటికి పదేళ్లవాడైన తాత కాదనబోతే నాన్న తొడపాశం పెట్టాడు. ఫొటోగ్రాఫరు ఆ మొహాన్ని పెద్దది చేసి, కళ్లద్దాల చోట కళ్లు దిద్ది ఇచ్చాడు. అది గ్రంథాలయం గోడకెక్కింది. అబ్బాయి పొట్టి కదా అని ఎవరైనా నసిగితే, సైన్యం తిండికి ఎదిగాడని ఊరే సర్దిచెప్పుకుంది. పెళ్లికాని ఆడపిల్లలు కొందరు ఆ ఫొటో చూడటానికే పుస్తకాలు చదవడం మొదలెట్టారని వినికిడి.

అమ్మానాన్నలు పోయారు. అన్నయ్యను ఎరిగినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అమ్మ మాట చెరపడమెందుకని తాత నోరు మెదపలేదు. కానీ ఈ ఏడు స్మారక సంఘంవాళ్లు ఆ ఫొటో చూసి పార్కులో రాతిపలక మీద బొమ్మ చెక్కిస్తామన్నారు. కాగితమైతే ఏదో ఒకరోజు చెదలు తింటాయి. రాయిని ఏది తింటుంది? తను కూడా పోతే ఆ పరాయివాడే అన్నయ్యగా స్థిరపడిపోతాడు. తాత సంఘం సభలో లేచి అసలు సంగతి చెప్పేశాడు. ఏటేటా ప్రసంగంలో ఆ విశాల నేత్రాలను పొగిడిన అధ్యక్షుడు నీళ్లు నమిలి, అయితే మీరే దగ్గరుండి చేయించుకోండని చేతులు దులుపుకున్నాడు.

తాత షాపుకు తాళం వేసి, రాళ్లు చెక్కే మేస్త్రి షెడ్డులో మకాం పెట్టాడు. మేస్త్రి ముందుగా మట్టితో మొహం చేస్తున్నాడు. ముక్కు వెడల్పు కావాలన్నాడు తాత. చెవులు తెరిచిన తలుపు రెక్కల్లా ఉండాలన్నాడు. మళ్లీ ముక్కు దగ్గరికే వచ్చాడు. మేస్త్రి ఓర్పుగలవాడే గానీ, ఆఖరికి జలుబు చేసినప్పటి ముక్కా, తగ్గాక ముక్కా అని అడిగాడు. ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం తాత మొహం విప్పారింది. అచ్చం అన్నయ్యే.

అప్పుడే భోజనం పట్టుకొచ్చిన తాత భార్య గిన్నె దించి మట్టి మొహాన్ని పరకాయించింది.

"ఏమండీ, బతికుండగానే మీ బొమ్మ చేయించుకుంటున్నారేంటి?"

మేస్త్రి మట్టినీ తాతనూ మార్చి మార్చి చూసి గొంతు సవరించుకున్నాడు. తాత గోడ అద్దంలో చూసుకున్నాడు. ముడతలు తీసేస్తే తనే. రోజూ గడ్డం గీసుకుంటూ చూసే మొహాన్ని తెచ్చి అన్నయ్యకు అతికించాడు. కళ్లు మూసుకుని అన్నయ్యను తలుచుకున్నాడు. గొంతు వినపడింది. నెత్తిన పెట్టిన మొట్టికాయ కూడా గుర్తొచ్చింది. మొహం రాలేదు. అందగాణ్ని ఏరుకుందని ఇన్నేళ్లూ అమ్మను తప్పుపట్టాడు. ఆవిడా ఇలాగే వెతుక్కుని వెతుక్కుని దొరక్క ఎవరి మీదో వేలు పెట్టిందేమో. తాత రాళ్ల మధ్య కూలబడి ఏడ్చాడు.

భార్య పక్కన కూర్చుంది. "పోనీ, ఏం గుర్తుందో అదే చెప్పండి."

"వీపు," అన్నాడు తాత. "సైకిలు వెనకాల ఎక్కించుకుని తిప్పేవాడు. నాకెప్పుడూ వాడి వీపే కనపడేది. కాలరు చిరిగి ఉండేది. నెత్తిన రెండు సుడులు. నీకు రెండు పెళ్లిళ్లురా అని అందరూ ఏడిపించేవాళ్లు. ఒక్కటీ కాలేదు."

మేస్త్రి మట్టి మొహాన్ని ముద్ద చేసేశాడు. "ఆ సుడులు ఎటు తిరిగేవి బాబాయ్?"

తాత తడుముకోకుండా గాల్లో వేలితో తిప్పి చూపించాడు.

యుద్ధవీరుడు వెన్ను చూపించడమేమిటని అధ్యక్షుడు గింజుకున్నాడు. మొహం కావాలంటే పలక వెనక్కి వెళ్లి వెతుక్కోమని తాత కసిరాడు. ఆవిష్కరణ రోజున ముఖ్య అతిథి నిజంగానే పలక చుట్టూ తిరిగొచ్చి, ఏమీ దొరక్క, ప్రసంగం కాస్త తగ్గించాడు. జనమంతా వెళ్లిపోయాక తాత పలక దగ్గరికి వెళ్లి ఆ రాతి వీపు మీద చెంప ఆనించాడు.

"మెల్లగా తొక్కు అన్నయ్యా," అన్నాడు.