రేణుకమ్మకు నేను ప్రసాదించిన విముక్తి

ఓడిపోయిన వాదనలకు తలదించుకునేవారిని మీరు చూసే ఉంటారు. గెలిచి తలదించుకున్న మనిషిని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. నా ఘనవిజయం ఒకదాని పర్యవసానంగా చిత్తూరు కోర్టు గుమాస్తాలు ఉదయపు ఇడ్లీకి దూరమయ్యారు. ఒక పెద్దమనిషి నిద్రలోనే రాష్ట్ర సరిహద్దు దాటాడు. ఇక ఒక ఇల్లాలికి జరిగిన నష్టాన్ని తలుచుకుంటే నా నవ్వు సగంలోనే ఆగిపోతుంది. అయినా మొదలుపెట్టాను కనుక చెబుతాను. మీరు నవ్వగలిగినంతవరకు నవ్వండి.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో, మూత్రపిండాల విభాగంలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. కిడ్నీలు పనిమానేసిన వారికి రెండు దారులుంటాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి యంత్రం పక్కన గంటల తరబడి పడుకోవడం ఒకటి. పొట్టకు అమర్చిన గొట్టం గుండా సంచిలోని ద్రవం ఎక్కించి, కొంతసేపటికి దించి, మళ్లీ కొత్త సంచి తగిలించుకుంటూ ఇంట్లోనే రోజూ డయాలసిస్ చేసుకోవడం రెండోది. ఈ రెండోదానికి శుభ్రతే ప్రాణం. గొట్టం కొసకు వేలు తగిలినా చాలు, పొట్టలో చీము పట్టవచ్చు. కనుక ఇంట్లో ఆ పని చక్కబెట్టుకోగలరా లేదా అని ముందే పరీక్షించాలి. ఆ పరీక్షాధికారిణిని నేనే.

కళాశాలలో చర్చాపోటీలు నన్ను పెంచాయి. ఎదుటివారు దగ్గినా దాన్ని ప్రతిపాదనగా స్వీకరించి ఖండించేదాన్ని. అటువంటి నా ముందుకు ఒకనాడు మునిరత్నం, ఆయన భార్య రేణుకమ్మ వచ్చి కూర్చున్నారు. ఆయన చిత్తూరు మామిడి మండీలో కాటా తూచే పని చేసి విశ్రాంతి పుచ్చుకున్న మనిషి. ఆమె ఒడిలో సంచి, సంచిలో ఆయన తువ్వాలు, ఆయన కళ్లద్దాలు, ఆయన మంచినీళ్లు. ఆయన చేతుల్లో ఆయన చేతులు.

“మీ పేరు చెప్పండి,” అన్నాను.

ఆయన భార్య వైపు చూశాడు.

“సెప్పబ్బా, పేరడుగుతాంది పాప,” అని ఆమె అనుమతించింది.

“మునిరత్నం.”

“ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?”

“ఏమే, ఏం మాత్రలు?”

“పొద్దన్నే తెల్లది, పచ్చది. తిన్నంక పెద్ద బిళ్ల,” అంది రేణుకమ్మ.

“అమ్మా, ఆయన్ను చెప్పనివ్వండి.”

“ఆయప్పకు తెల్దు పాపా. నేనిస్తా, ఆయప్ప మింగుతాడు.”

“ఎప్పటి నుంచి?”

“మింగేదా? పెండ్లయినప్పటి నుంచి. అప్పుడు మాత్రల్లేవు, సంగటి.”

మునిరత్నం గారు హాయిగా నవ్వారు. నేను నవ్వలేదు. పాఠకులారా, నాకు అప్పటికే రక్తం మరుగుతోంది. నా ఎదుట కూర్చున్నది దంపతులు కాదు, రెండు కాళ్లతో నడిచివచ్చిన చర్చాంశం.

చేతులు కడుక్కోమన్నాను. ఆయన కొళాయి ముందు నిలబడి దోసిలి పట్టి, వానకోసం ఎదురుచూసే చేనులాగా ఉండిపోయారు. కొళాయి తనంతట తాను తిరగలేదు. రేణుకమ్మ లేచింది.

“మీరు జోక్యం చేసుకోకూడదు!” అన్నాను.

“తిప్పేదానికి గూడానా పాపా?”

“తిప్పేదానికి కూడా!”

ఆయనే తిప్పారు. మాస్కు పెట్టుకున్నారు. పెట్టుకున్నది సరిగా ఉందో లేదో భార్యను అడగడానికి దాన్ని గడ్డం కిందికి లాగారు. నేర్పడానికి మేము వాడే ఉత్తుత్తి గొట్టాన్ని చేతికిచ్చి, మూత తీసి సంచికి తగిలించమన్నాను. ఆయన మూత తీశారు. కొసను కంటికి దగ్గరగా పెట్టుకుని, దానిమీద లేని దుమ్మును ‘ఉఫ్’ అని ఊదారు. ఊది, ఎంతో శుభ్రం చేశానన్న తృప్తితో, భార్య చేతికిచ్చారు.

“నువ్వు సుమ్మనుండబ్బా, ఊదకూడదంట,” అని ఆమె నావైపు తిరిగింది. “నాకు నేర్పీమ్మా. నేను సేస్తా.”

అధ్యక్షా! ఆ ‘నేను సేస్తా’ అన్న మాట నాలోని వక్తను లేపి నిలబెట్టింది.

“అమ్మా, ఇక్కడ ప్రశ్న ఆయన తనంతట తాను చేసుకోగలరా అన్నది. మీరు చేయగలరా అన్నది కాదు. వంట మీరే, మాత్రలు మీరే, నీళ్లు మీరే. ఇప్పుడు ఆయన మూత్రపిండం కూడా మీరే కావాలా? సేవ అనే అందమైన పేరు పెట్టి స్త్రీ ఆయుష్షును ఇంటి గోడల మధ్య కరిగించడాన్ని నేను అంగీకరించను. మీకంటూ ఒక జీవితం లేదా?”

“ఉండాది పాపా. దానికే సెప్తాండా. కోర్టు కాడ నాకు టిఫిను అంగడి...”

“చూశారా! అంగడి కూడా మీ నెత్తినే!” అని నేను ఆ వాక్యాన్ని అక్కడే పట్టి విరిచేశాను. ప్రత్యర్థి నోటినుంచే నాకు ఆధారం దొరికిన క్షణమది. ఆమె మళ్లీ నోరు తెరిచింది. నేను మళ్లీ అందుకున్నాను. చివరికి ఆమె సంచి సర్దుకుంటూ, “బాగా సెప్పినావు పాపా, టీవీలో మాదిరి,” అంది. దాన్ని నేను ప్రశంసగా స్వీకరించాను.

మా డాక్టరుగారికి ఒక్కటే చెప్పాను: “ఇంటి డయాలసిస్‌కు పనికిరారు సార్.” కారణం ఊదడం. అది నిజమే కదా! ఆయన తలూపి, ఆసుపత్రికి వచ్చే ఏర్పాటు చేయించారు. ఒక స్త్రీని విముక్తురాలిని చేశానన్న గర్వంతో ఆ పూట నేను కాలు నేలకు ఆనించకుండా నడిచాను.

కొన్ని నెలలకు యంత్రాల గది బయట బెంచీ మీద రేణుకమ్మ కనబడింది. అదే సంచి, ఒడిలో.

“మీరెందుకు వచ్చారమ్మా?” అన్నాను, నిజంగానే ఆశ్చర్యపడి.

“ఇంకెవురొస్తారు పాపా?”

“ఆయన ఒక్కరే బస్సులో రావచ్చు కదా?”

“ఒగసారి పంపిస్తి. డయాలసిస్ అయినాక కండ్లు తిరుగుతాయి కదా, బస్సెక్కి నిద్రపోయినాడు. చిత్తూరొచ్చింది, పోయింది. వేలూరు స్టాండులో కండక్టరు లేపి, ‘యాడ దిగాల పెద్దాయనా?’ అంటే, ‘మా ఆడమనిషి నడుగు’ అన్నాడంట.”

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే అడిగాను, “మరి అంగడి?”

“మూసేస్తిని. వారంలో మూడు దినాలు తెరవని అంగడికి ఎవురొస్తారమ్మా? గుమాస్తాలకు రోజూ ఆకలవతాది. ఆ తావులో ఇప్పుడు ఎవరో పిల్లోడు నూడుల్స్ పెట్టినాడు.” సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఆమె మెల్లగా చెప్పింది. “ఇంట్లోనే అయితే, తెల్లారకముందే ఈయప్పకు సంచి మార్చేసి అంగడికి పోదామనుకుంటి. మళ్లా మద్దేనం ఇంటికొచ్చి మార్చొచ్చు. ఆపొద్దు అదే సెప్పాలని సూస్తి. నువ్వు మాంచి ఊపు మీదుంటివి.”

ఇంటి గోడలనుంచి ఆమెను విడిపించి, బస్సు సీటుకు కట్టేశాను నేను.

తిన్నగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

“ఇంట్లో చేసిపెట్టడానికి ఎవరూ లేరా అని అడగలేదా?” అన్నారాయన.

“అలా అడగడమే అన్యాయమని అనుకున్నాను సార్.”

“ఎవరికి?”

‘తనంతట తాను’ అంటే ‘ఒంటరిగా’ అని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ అర్థం నేను చర్చావేదికల మీంచి తెచ్చుకున్నది.

రేణుకమ్మకు మళ్లీ పరీక్ష పెట్టాను. ఈసారి మునిరత్నం గారు బెంచీ మీద, ఆమె కొళాయి దగ్గర. నేర్చుకోవడానికి కొన్ని దినాలు పట్టింది. తప్పులూ చేసింది, ఫ్యాను ఆపడం మరిచింది, మూత కిందపడేసి మళ్లీ మొదలుపెట్టింది. నేను నోరు మూసుకుని చూశాను. అది ఆమెకన్నా నాకే కఠినమైన పరీక్ష.

చివరి రోజు మధ్యాహ్నం ముగ్గురం ఆవరణలో భోజనానికి కూర్చున్నాం. నా డబ్బా మూత తీయగానే రేణుకమ్మ తొంగిచూసింది.

“పులగూర బాగుండాదే. నువ్వే సేసినావా?”

“మా అమ్మ చేసింది.”

“డబ్బా కట్టింది?”

“అమ్మే.”

“నీ గుడ్డలు ఉతికేది?”

“అది... మిషను. అంటే, అమ్మ వేస్తుంది.”

“పొద్దన నిన్ను లేపేది?”

నేను అన్నం వైపు చూశాను. మునిరత్నం గారు జీవితంలో మొదటిసారి భార్యను అడగకుండా తీర్పు చెప్పారు.

“ఈ పాప గూడా ఫెయిలేనే!”

ఇంటి డయాలసిస్ ఇప్పుడు సజావుగా సాగుతోంది. కోర్టు దగ్గరి ఆ తావు మాత్రం తిరిగి రాలేదు. నూడుల్స్ కుర్రవాడు వదలడు; వదలమనడానికి నా దగ్గర వాదన లేదు. రేణుకమ్మ ఇంటి ముందు రేకు కింద ఇడ్లీ పొయ్యి పెట్టింది. ఆ సందులోకి గుమాస్తాలు రారు. చిత్తూరు వెళ్లినప్పుడల్లా నేను వెళ్లి, ఆకలి ఉన్నా లేకపోయినా తింటాను. అది పరిహారం కాదని ఆమెకూ తెలుసు, అందుకే ఇంకో రెండు వడ్డిస్తుంది.

కనుక, మహాజనులారా, ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: ఇకమీదట ఏ స్త్రీనైనా విముక్తురాలిని చేయదలచినచో, ముందుగా ఆమెచేత ఒక వాక్యం పూర్తిగా చెప్పించుకొని, ఆపైన మా అమ్మను అడిగి, మాట్లాడెదను.