ఊగితే చెప్పమన్న మనిషి

చల్లపల్లి బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం చూస్తుంటే, పక్కనున్న కల్లుగీత మనిషి మాట కలిపాడు. జ్వరం తర్వాత చెవి లోపలి నరం దెబ్బతిని, రెండు నెలలు మంచం దిగితే చాలు లోకమంతా గిర్రున తిరిగేదట.

“డాక్టరు గారు చెప్పిన కసరత్తులన్నీ చేశానండీ. కళ్ళు మూసుకుని నిలబడతాను, ఊగితే చెప్పండి.”

నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా ఎడమవైపు ఒరిగిపోతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియడం లేదు. నేను చెయ్యి చాచేలోగా కళ్ళు తెరిచి నిలదొక్కుకున్నాడు.

“ఊగలేదు కదండీ?”

ఆ ముఖంలో ఆశ చూసి, “పెద్దగా లేదండీ” అన్నాను.

“అయితే రేపట్నుంచి తాడిచెట్టెక్కుతాను.”

నిజం చెబుదామనుకునేలోగా ఆయన ఫోనులో భార్యతో అంటున్నాడు.

“ఇక్కడో సారు చూశారే. ఏం ఫర్వాలేదన్నారు.”

బస్సు వచ్చింది. ఎక్కేశాను. ఆయన ఊరి పేరైనా అడగలేదు.